డెబ్భై అయిదు మైళ్ళ అవతలి పాట

2011లో ఎం.ఎస్. పూర్తిచేసి ఇల్లినాయ్ రాష్ట్రం నడిమధ్యన ఒక చిన్న ఊళ్ళో కన్సల్టెంటుగా చేరాను. ఊరి చుట్టూ ఎటు చూసినా మొక్కజొన్న చేలు, సోయా చేలు. ఇండియన్ గ్రోసరీ కావాలంటే నలభై మైళ్ళు వెళ్ళాలి. అలా ఒక ఆదివారం సాయంత్రం కరివేపాకు కోసం వెళ్తూ పాత హోండాలో రేడియో ముల్లు తిప్పుతుంటే, గరగర మధ్యలోంచి ఇళయరాజా వయొలిన్లు వినిపించాయి. ఊరికి పన్నెండు మైళ్ళ దూరంలో, కాస్త మిట్ట మీద ఒక చర్చి ఉంది. దాని పార్కింగ్ లాట్‌లో కారు ఆపి పాట అయ్యేదాకా కూర్చున్నాను. మా ఊరికి డెబ్భై అయిదు మైళ్ళ దూరంలో ఉన్న యూనివర్సిటీ స్టేషన్ అది. ఆదివారం సాయంత్రాలు అక్కడి విద్యార్థులు రెండు గంటలు మన పాటలు వేసేవాళ్ళు. ఎక్కువగా హిందీ, అప్పుడప్పుడు తమిళం, మూడు నాలుగు వారాలకొకసారి ఒక తెలుగు పాట.

2014లో పెళ్ళయింది. నా భార్య హెచ్-4 మీద వచ్చింది. ఆ వీసా మీద వచ్చినవాళ్ళకి అప్పట్లో ఉద్యోగం చేసే వీలే లేదు. 2015 మే నుంచి కొంతమందికి వర్క్ పర్మిట్ ఇవ్వడం మొదలుపెట్టారు కానీ, గ్రీన్‌కార్డు పనులు కొంత ముందుకు జరిగినవాళ్ళ భార్యలకో భర్తలకో మాత్రమే. మేం ఆ లెక్కలోకి రాలేదు. డ్రైవింగ్ రాదు, తెలిసినవాళ్ళు లేరు, బయట మంచు. ఆవిడ కోసం బాల్కనీలో ఒక యాంటెనా కట్టి, వాడేసిన మంచి ట్యూనరొకటి కొని, ఆ స్టేషన్ ఇంట్లో వినిపించేలా చేశాను. గరగర ఉండేది. అయినా ఆదివారం సాయంత్రం వచ్చిందంటే వంట ముందే చేసేసుకుని రేడియో దగ్గర కూర్చునేవాళ్ళం.

2015 వసంతంలో ఒక ఆదివారం ఆ ఫ్రీక్వెన్సీలో పాటలకి బదులు మా ఊరి హైస్కూలు బాస్కెట్‌బాల్ ఆట మీద ఎవరో ఊగిపోతూ వ్యాఖ్యానం చేస్తున్నారు. గరగర అన్నది లేదు, గొంతు పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. మా ఇంటికి మూడు కిలోమీటర్ల దూరంలో 100 వాట్ల బుల్లి ఎఫ్.ఎం. స్టేషన్ ఒకటి మొదలయింది. మా స్టేషన్ మరి ఆ ఇంట్లో వినిపించలేదు.

చాలా కోపం వచ్చింది. ఎఫ్‌సీసీకి ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. సాంకేతికంగా రాస్తే విలువుంటుందని లెక్కలు మొదలుపెట్టాను. ఆ లెక్కలే నన్ను ఇరుకున పెట్టాయి.

ఆ లెక్క మీరూ చూడండి, పెద్ద కష్టమేమీ లేదు. యూనివర్సిటీ స్టేషన్‌ది 50,000 వాట్లు, టవరు ఎత్తు సుమారు 150 మీటర్లు. ఎఫ్.ఎం. తరంగాలు దాదాపు చూపు మేరకే వెళ్తాయి. వాతావరణం వాటిని కాస్త వంచుతుంది కాబట్టి కంటిచూపు కంటే కొంచెం దూరం. టవరు ఎత్తుకి, మన యాంటెనా ఎత్తుకి మీటర్లలో వర్గమూలాలు తీసి, కూడి, 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో ఆ హద్దు వస్తుంది. 150 మీటర్ల టవరుకి, రెండు మీటర్ల ఎత్తున్న కారు యాంటెనాకి వేస్తే 56 కిలోమీటర్లు. మా ఊరు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది! అంటే ఆ స్టేషన్ నాకు వినిపించడమే ఒక రకంగా అదృష్టం. హద్దు దాటాక భూమి వంపు మీదుగా వంగి, గాలి పొరల్లో చెదిరి, మిగిలిన పిసరంత సిగ్నల్ అది. తెల్లవారుజామున, వేసవి రాత్రుల్లో గాలి పొరలు అనుకూలిస్తే బాగా వచ్చేది, లేకపోతే లేదు.

భూమి వంపు సంగతి కాసేపు పక్కన పెట్టి, దూరం వర్గాన్ని బట్టి బలం తగ్గుతుందనే సూత్రం ఒక్కటే వాడి చూసినా, 50,000ని 120 వర్గంతో భాగిస్తే దాదాపు 3.5. బుల్లి స్టేషన్‌కి అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంట్లో, 100ని 5 వర్గంతో భాగిస్తే 4. యాభై వేల వాట్ల మీద వంద వాట్లు గెలిచింది. భూమి వంపు కూడా లెక్కలోకి తీసుకుంటే తేడా పదుల నుంచి వందల రెట్లలోకి పోతుంది.

దీనికి ఎఫ్.ఎం. గుణం ఒకటి తోడు. మన ఊళ్ళలో మీడియం వేవ్ విన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రాత్రిపూట విజయవాడ కేంద్రం వెనకాల వేరే ఏదో భాష సన్నగా గొణుగుతూ ఉండేది. మా తాతగారు రెండింటినీ కలిపే వినేవారు. ఎఫ్.ఎం.లో అలా కుదరదు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు స్టేషన్లు వస్తే రిసీవరు బలమైనదాన్ని పట్టుకుని రెండోదాన్ని దాదాపు పూర్తిగా అణిచేస్తుంది. దీన్నే క్యాప్చర్ ఎఫెక్ట్ అంటారు. రెండూ సమానంగా ఉంటే కాసేపు ఇదీ కాసేపు అదీ వస్తాయి. ఒకటి గట్టిగా ఉంటే రెండోది ఉందన్న సంగతే మీకు తెలియదు.

ఇక నిబంధనలు తీశాను. 50,000 వాట్ల క్లాస్-బి స్టేషన్ ఉన్న ఫ్రీక్వెన్సీ మీదే బుల్లి స్టేషన్ పెట్టాలంటే కనీసం 112 కిలోమీటర్ల దూరం ఉండాలట. మాది 120. అంటే బుల్లి స్టేషన్ తప్పు ఇసుమంత కూడా లేదు. ఆ పట్టికలో రెండో అంకె కూడా ఉంది, 143 కిలోమీటర్లు. అంత దూరం లేకపోతే పెద్ద స్టేషన్ వల్ల చిన్నదానికే ఇబ్బంది కలగవచ్చు, అది భరించాల్సిందే అని దాని అర్థం. నేను ఎవరి మీద ఫిర్యాదు చెయ్యబోతున్నానో వాళ్ళే నిజానికి పెద్ద స్టేషన్ వల్ల పొలిమేరల్లో అవస్థ పడుతున్నారు. మన భాషలో చెప్పాలంటే, ఆ యూనివర్సిటీ స్టేషన్‌కి ఉన్న ఎస్సెల్యే అరవై కిలోమీటర్ల చుట్టుపక్కలతో అయిపోయింది. నేను అనుభవించినదంతా ఎస్సెల్యే లేని సర్వీసు. అది ఆగిపోతే టికెట్టు ఓపెన్ చెయ్యడానికి నాకు హక్కు లేదు.

అయినా ఉత్తరం పూర్తిచేశాను. మొండితనం. మా ఆవిడకి చదివి వినిపిస్తే శాంతంగా విని, “పంపితే పంపండి గానీ, శనివారం లైబ్రరీలో కుట్లు అల్లికలు నేర్పుతారని ఆ చిన్న స్టేషన్లోనే విన్నాను. ఈ వారం నన్ను దింపండి” అంది. నేను ఆఫీసులో ఉన్న రోజంతా ఆవిడ ఆ స్టేషనే వింటోందని నాకప్పటిదాకా తెలియదు. రోడ్ల మీద మంచు తీశారా లేదా, సిటీ కౌన్సిల్లో ఎవరెవరు పోట్లాడుకున్నారు, ఎవరి కుక్క తప్పిపోయింది, అన్నీ ఆవిడకి తెలుసు. నాలుగేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటున్న నాకు మేయరు పేరు కూడా తెలియదు. ఉత్తరం పంపలేదు.

ఇంతవరకూ నా సొంత గొడవ. కానీ ఈ బుల్లి స్టేషన్ల చరిత్ర చదివిన కొద్దీ నాకొక విచిత్రం కనిపించింది. దేశమంతా కొట్టుకున్నది లేని ఇంటర్‌ఫియరెన్స్ గురించి. ఉన్న ఇంటర్‌ఫియరెన్స్ గురించి మాట్లాడినవాళ్ళు బహు తక్కువ.

1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం దేశం మొత్తం మీద ఒక కంపెనీకి ఇన్ని రేడియో స్టేషన్లే ఉండాలన్న పరిమితిని ఎత్తేసింది. కొద్ది ఏళ్ళలోనే క్లియర్ ఛానల్ అనే ఒక్క సంస్థ చేతిలోకి 1,200 పైచిలుకు స్టేషన్లు వచ్చాయి. దీనికి కొంత విరుగుడుగా విలియం కెన్నార్డ్ ఛైర్మన్‌గా ఉన్నప్పుడు, 2000 జనవరిలో ఎఫ్‌సీసీ తక్కువ శక్తి ఎఫ్.ఎం. స్టేషన్లకి అనుమతిచ్చింది. 100 వాట్లు, 30 మీటర్ల ఎత్తు, సుమారు 5.6 కిలోమీటర్ల పరిధి. లాభాపేక్ష లేని స్థానిక సంస్థలకే లైసెన్సు, వ్యాపార ప్రకటనలు కుదరవు.

వెంటనే పెద్ద ప్రసారసంస్థల సంఘం అభ్యంతరం చెప్పింది. పబ్లిక్ రేడియో కూడా వాళ్ళతో గొంతు కలపడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. వాళ్ళ వాదనంతా ‘మూడో పక్క ఛానల్’ గురించి. అమెరికాలో ఎఫ్.ఎం. స్టేషన్ల మధ్య దూరం 0.2 మెగాహెర్ట్‌జ్. 91.3 మీద పెద్ద స్టేషన్ ఉంటే, 91.5 మొదటి పక్క, 91.7 రెండో పక్క, 91.9 మూడో పక్క. ఆ మూడో పక్కన ఉన్న వంద వాట్ల స్టేషన్ 91.3ని పాడుచేస్తుందని వాళ్ళ భయం. ఎలా పాడవుతుందో వినిపించే ఒక సీడీ కూడా చేసి కాంగ్రెస్ సభ్యులకి పంచారు. అందులో వినిపించేది వాస్తవం కాదని ఎఫ్‌సీసీ ఇంజనీర్లే అన్నారు. అయినా 2000 డిసెంబరులో కాంగ్రెస్ చట్టం చేసి ఈ స్టేషన్లకి కత్తెర వేసింది. దాంతో నగరాల్లో వీటికి చోటు లేకుండా పోయింది. పరీక్షించి చెప్పమని కూడా అదే చట్టం ఆదేశించింది. మైటర్ సంస్థ పరీక్షలు చేసి, మూడో పక్క నుంచి చెప్పుకోదగ్గ ఇబ్బందేమీ లేదని 2003లో నివేదిక ఇచ్చింది. నివేదిక వచ్చాక ఆ కత్తెర తియ్యడానికి మరో ఏడున్నరేళ్ళు పట్టింది. 2011 జనవరి 4న ఒబామా సంతకం చేసిన చట్టంతో ఆ అడ్డు పోయింది. 2013 చివర్లో దరఖాస్తులు పిలిస్తే 2,800కి పైగా వచ్చాయి. మా ఊరి స్టేషన్ ఆ కాన్పులో పుట్టిందే.

ఈ పదకొండేళ్ళ వాదనలో, అదే ఫ్రీక్వెన్సీ మీద దూరం నుంచి వినేవాళ్ళ మాట ఎంతమంది ఎత్తారు? దూరపు స్టేషన్లు పట్టుకోవడం సరదాగా పెట్టుకున్న కొద్దిమంది ఔత్సాహికులు తప్ప మరెవరూ లేరు. వాళ్ళ నష్టం నిజమైనది. ఖాళీగా ఉన్న ప్రతి ఫ్రీక్వెన్సీ వాళ్ళకొక కిటికీ. ఆ కిటికీలు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. వాళ్ళ బాధని నేను తక్కువ చెయ్యను, నేనూ కొంతవరకు ఆ కోవలోవాణ్ణే. కానీ వాళ్ళలో చాలామంది కోపం బుల్లి స్టేషన్ల మీద చూపించడం మాత్రం నాకు అన్యాయంగా తోస్తుంది.

కిటికీలు మూసినవాళ్ళు వేరే ఉన్నారు. ట్రాన్స్‌లేటర్లని ఉన్నాయి. పేరు చూసి అనువాదమేదో చేస్తాయనుకోకండి. ఒక స్టేషన్ కార్యక్రమాన్ని మరో ఫ్రీక్వెన్సీ మీద మళ్ళీ ప్రసారం చేసే రిపీటర్లు. వీటికి 250 వాట్ల దాకా అనుమతి ఉంది. స్థానికంగా కార్యక్రమాలు తయారుచెయ్యాలన్న ఊసే లేదు. బుల్లి స్టేషన్ల కాళ్ళకి చట్టం సంకెళ్ళు వేసి ఉన్నప్పుడే, 2003లో ట్రాన్స్‌లేటర్లకి దరఖాస్తులు పిలిస్తే 13 వేలకు పైగా వచ్చిపడ్డాయి. తరవాత ఏ.ఎం. స్టేషన్లని బతికించాలని వాటికీ ఎఫ్.ఎం. ట్రాన్స్‌లేటర్లు ఇచ్చారు. బుల్లి స్టేషన్లు ఈనాటికీ దేశం మొత్తం మీద దాదాపు రెండు వేలు. ట్రాన్స్‌లేటర్లు దానికి ఎన్నో రెట్లు.

రెండోది హెచ్‌డీ రేడియో. ఎఫ్‌సీసీ 2002లో దీన్ని ఆమోదించింది. స్టేషన్ మామూలు సిగ్నల్‌కి రెండు వైపులా డిజిటల్ సిగ్నల్ అతికిస్తారు. అది పడేది మొదటి పక్క ఛానల్ హద్దుల్లోనే. మీ ఊళ్ళో 91.5 మీద హెచ్‌డీ ఉన్న స్టేషన్ ఉంటే, 91.3 మీద దూరం నుంచి వచ్చే సన్నటి స్టేషన్ ఆ బుస్సుమనే హోరులో మునిగిపోతుంది. పైగా 2010లో ఆ డిజిటల్ భాగం శక్తిని పెంచుకోవడానికి కూడా అనుమతిచ్చారు. మూడో పక్కనున్న వంద వాట్లకి గగ్గోలు పెట్టినవాళ్ళు, మొదటి పక్కన తామే హోరు పోస్తుంటే అది ప్రగతి అన్నారు. ఈ ఒక్క విషయం తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

“గురువుగారూ, ఇదంతా ఎందుకు, స్ట్రీమింగ్ ఉంది కదా?” అని ఆఫీసులో ఒక తమ్ముడు అడిగాడు. మీరూ అదే అడగబోతున్నారని తెలుసు. ఉంది. ఆ యూనివర్సిటీ స్టేషన్‌ని మేం తరవాత ఇంటర్నెట్‌లోనే విన్నాం, గరగర లేకుండా హాయిగా. నిజం చెప్పొద్దూ, అంత బాగా వినిపిస్తుంటే ఆదివారం ముందే వంట చేసుకుని కూర్చోవడం మానేశాం. అది మా బలహీనత అనుకోండి. కానీ ఈ స్ట్రీమింగ్ వాదన ఎవరి వైపు పనిచేస్తుందో చూడండి. దూరపు స్టేషన్‌కి ఇంటర్నెట్ దారి ఉంది కాబట్టి, గాలిలో దాని దారి కాపాడమని నేను గట్టిగా అడగలేను. దగ్గరి స్టేషన్ సంగతి వేరు. 2005లో కత్రినా తుఫాను వచ్చినప్పుడు మిసిసిపీలో బే సెయింట్ లూయిస్ అనే ఊళ్ళో ఇలాంటి బుల్లి స్టేషనే ఒకటి ఆగకుండా నడిచి, ఆ కౌంటీ జనానికి నీళ్ళెక్కడ, తిండెక్కడ, ఏ దారి తెరిచారు అన్నది చెబుతూ వచ్చింది. సెల్ టవర్లు కూలిపోయాక స్ట్రీమింగ్ ఎవరికి కావాలి? అదే ఏడు విల్మా తుఫానుకి, ఫ్లోరిడాలోని ఇమ్మోకలీలో టమాటాలు కోసే కూలీలు నడుపుకునే స్టేషన్ వాళ్ళ వాళ్ళ భాషల్లో హెచ్చరికలు చెప్పింది. స్పానిష్, హైతీ క్రియోల్, గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్ళ మాయా భాషలు. వాణిజ్య స్టేషన్ ఏదైనా ఆ భాషల జోలికి వెళ్తుందా?

వంద వాట్లు అంటే చిన్నచూపు చూసేవాళ్ళు మన జహీరాబాద్ దగ్గర మాచ్నూర్ వెళ్ళి చూడాలి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. అయినా ఊళ్ళో మామూలు జనం స్టేషన్ పెట్టుకోవడానికి ప్రభుత్వం 2006 దాకా దారి ఇవ్వలేదు. దళిత స్త్రీలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్‌జ్ మీద మొదలైంది. అక్కడా శక్తి 100 వాట్లే, యాంటెనా ఎత్తు 30 మీటర్లే. విత్తనాల గురించి, పంటల గురించి, తెలంగాణ యాసలో ఆ ఊళ్ళవాళ్ళు వాళ్ళ కోసమే చెప్పుకునే మాటలు. హైదరాబాదు నుంచి ఎంత పెద్ద టవరు పెట్టినా ఆ మాటలు రావు.

ఇప్పుడు మేం టెక్సస్‌లో ఒక మహానగరం శివారులో ఉంటున్నాం. 2023 డిసెంబరులో ఎఫ్‌సీసీ మళ్ళీ దరఖాస్తులు తీసుకుంది. అంతకు కొద్ది నెలల ముందు మా తెలుగు సంఘం పెద్దాయన ఒకరు ఫోన్ చేసి, “బాబూ, నువ్వు కంప్యూటర్ సైన్సు కదా, ఈ రేడియో సంగతేమిటో చూడు” అన్నారు. కంప్యూటర్ సైన్సుకీ దీనికీ సంబంధమేమిటో అడగలేదు. మన పెద్దల దృష్టిలో ప్లగ్గు పెట్టేదంతా కంప్యూటరే. కూర్చుని వెతికాను. మనవాళ్ళు కిక్కిరిసి ఉన్న పేటల్లో ఒక్క ఖాళీ కూడా లేదు. పెద్ద స్టేషన్లు ఎలాగూ ఉన్నాయి, వాటి మధ్య మిగిలిన సందుల్లో ట్రాన్స్‌లేటర్లు కూర్చున్నాయి. చివరికి చాలా దూరంగా, నగరం అంచున ఒక ఫ్రీక్వెన్సీ దొరికింది. ఒక శనివారం అక్కడికి వెళ్ళి కారు రేడియోలో పెట్టి చూశాను. ఖాళీగా లేదు. ఓక్లహోమా నుంచి కాబోలు, సన్నగా ఒక పెద్దాయన పశువుల ధరలు చదువుతున్నాడు. నిబంధనల ప్రకారం ఆ సిగ్నల్‌కి అక్కడ ఎలాంటి రక్షణా లేదు. అక్కడున్న ఏ ఇంట్లోనో ఎవరో ఒక రైతు దాన్ని రోజూ వింటూ ఉండవచ్చు. మేం అనుమతి తెచ్చుకుంటే ఆ ఇంట్లో ఒక ఆదివారం బాస్కెట్‌బాల్‌కి బదులు అన్నమయ్య కీర్తన వినిపించేది.

చివరికి దరఖాస్తు పెట్టలేదు, కానీ కారణం ఆ రైతు మీద జాలి కాదు. 5.6 కిలోమీటర్ల పరిధిలో అక్కడ మనవాళ్ళ ఇళ్ళు పట్టుమని పది కూడా లేవు. ఉండి ఉంటే దరఖాస్తు పెట్టమనే చెప్పేవాణ్ణి, ఇప్పుడైనా అదే చెబుతాను. ఆ రైతు నాకు తిడుతూ ఉత్తరం రాస్తే అది అర్థమయ్యే కోపమే అనుకుంటాను. ఒక్కటి మాత్రం ఎఫ్‌సీసీని అడగాలని ఉంది. ఒక ఫ్రీక్వెన్సీ మీద దూరపు స్టేషన్ గొంతు నొక్కే అవకాశం ఎవరికైనా ఇస్తే, దానికి బదులు ఆ ఊరికి ఆ ఊరి గొంతు ఇచ్చేవాళ్ళకి ముందు ఇవ్వండి. వందల మైళ్ళ అవతల తయారైన సరుకుని మళ్ళీ పోసే రిపీటరుకి కాదు. 2011 చట్టం ఇద్దర్నీ సమాన హోదాలో పెట్టింది. పాడేవాడికీ ప్రతిధ్వనికీ ఒకే వరస అన్నమాట. అది మారాలి.

పోయిన శరత్కాలంలో ఒక స్నేహితుడి గృహప్రవేశానికి ఇల్లినాయ్ వెళ్ళాం. దారిలో ఆ చర్చి పార్కింగ్ లాట్ కనిపిస్తే కారు ఆపాను. రేడియోలో పాత ఫ్రీక్వెన్సీ పెట్టాను. అక్కడికి రెండు స్టేషన్లూ దాదాపు సమానంగా వస్తాయి. ఎవరిదో నల్ల కుక్క తప్పిపోయిందని మా ఊరి స్టేషన్ చెబుతోంది. ఇంతలో గాలి ఎటు తిరిగిందో, రెండు క్షణాలు సాక్సోఫోన్. మళ్ళీ కుక్క మెడకి ఎర్ర పట్టీ ఉందని. మళ్ళీ సాక్సోఫోన్. వెనక సీట్లోంచి మా అమ్మాయి, “నాన్నా, కుక్క దొరికిందా?” అని అడిగింది. వాళ్ళమ్మ “ఉండు, చెబుతారు” అని వాల్యూమ్ పెంచింది.